కారుకు వేరే రిమ్ములు కొనేముందు: పీసీడీ కొలత నుంచి చివరి నట్టు బిగింపు దాకా

నాలుగు రంధ్రాలున్న రిమ్ము నాలుగు స్టడ్డులు (నట్లు ఎక్కే మర కడ్డీలు) ఉన్న ఏ కారుకైనా పడుతుందని నేనూ ఒకప్పుడు నమ్మినవాడినే. భీమవరంలో పాత చక్రాలు అమ్మే ఒక దుకాణంలో చూడముచ్చటైన అలాయ్ (అల్యూమినియం మిశ్రమపు) రిమ్ముల సెట్టు చవగ్గా దొరికితే మా స్విఫ్టుకు వేయించాను. నట్లు ఎక్కించేటప్పుడు పనివాడు కాస్త బలం పెట్టవలసి వచ్చింది గాని, చివరికి అన్నీ బిగిశాయి. "నట్టు ఎక్కిందంటే పడినట్టేనండి" అన్నాడతను. ఆ సాయంత్రమే రావులపాలెం వెళ్తూ సిద్ధాంతం ఊరి దగ్గరి గోదావరి వంతెన మీద బండి ఎనభై దాటించగానే స్టీరింగు చేతుల్లో వణకడం మొదలుపెట్టింది. మర్నాడు మరో చోట కొలిపిస్తే, ఆ రిమ్ములు 4×98 కొలతవనీ, నా కారుకు కావలసినది 4×100 అనీ తేలింది. రెండే రెండు మిల్లీమీటర్ల తేడా.

బొత్తిగా పట్టని రిమ్ము వల్ల ఎవరికీ నష్టం లేదు, అది దుకాణం గుమ్మం దాటదు. దాదాపుగా పట్టే రిమ్మే ఇంటిదాకా వచ్చి, రోడ్డు మీద ప్రాణం మీదికి తెస్తుంది. ఈ మార్గదర్శిలో ప్రతి మెట్టు దగ్గరా ఆ "దాదాపు"ను ఎలా పట్టుకోవాలో చెప్పడమే నా ఉద్దేశం.

పీసీడీ అంటే ఏమిటి

చక్రాన్ని విప్పితే, అది కూర్చునే హబ్బు మీద స్టడ్డులు ఒక వలయంలో నిలబడి కనిపిస్తాయి. ఆ స్టడ్డులన్నిటి కేంద్రాల మీదుగా ఒక వృత్తం గీశామనుకుంటే, ఆ వృత్తపు వ్యాసాన్ని పీసీడీ (పిచ్ సర్కిల్ డయామీటర్) అంటారు. రిమ్ముల వ్యాపారంలో దీనిని ఎప్పుడూ స్టడ్డుల సంఖ్యతో కలిపి చెబుతారు. 4×100 అంటే నాలుగు స్టడ్డులు, 100 మిల్లీమీటర్ల వృత్తం. 5×114.3 అంటే అయిదు స్టడ్డులు, 114.3 మిల్లీమీటర్ల వృత్తం. ఈ 114.3, 139.7 వంటి వింత అంకెలు చూసి కంగారుపడనక్కరలేదు. అవి అంగుళాల కాలం నాటి కొలతలు. నాలుగున్నర అంగుళాలు 114.3 మిల్లీమీటర్లు, అయిదున్నర అంగుళాలు 139.7 మిల్లీమీటర్లు అవుతాయి. పాత విల్లీస్ జీపుల చక్రాలకు ఉన్నది ఈ అయిదున్నర అంగుళాల వలయమే. మారుతి జిప్సీకి ఉన్నదీ అదే.

మన గోదావరి జిల్లాల రోడ్ల మీద ఎక్కువగా తిరిగే బండ్లను ఈ లెక్కన చూస్తే కొంత అవగాహన వస్తుంది. మారుతి స్విఫ్టు, డిజైర్, బెలెనో, వ్యాగన్ఆర్, హ్యుందాయ్ ఐ10, ఐ20, హోండా సిటీ, అమేజ్, టయోటా ఇటియోస్ అన్నీ 4×100 కుటుంబానివే. పాత మారుతి 800, ఓమ్ని మాత్రం బండి చిన్నదైనా 4×114.3 వలయంతో వచ్చాయి. ఫోర్డ్ ఫిగో 4×108. ఫోక్స్‌వ్యాగన్ పోలో 5×100, స్కోడా ఆక్టేవియా 5×112. ఇన్నోవా, క్రెటా, బ్రెజా 5×114.3. ఫార్చ్యూనర్‌ది 6×139.7. రెనో క్విడ్ మూడే నట్లతో వచ్చి చాలామందిని ఆశ్చర్యపరిచింది.

అయితే ఈ జాబితా చేత్తో పట్టుకుని దుకాణానికి వెళ్లి డబ్బు కట్టేయవద్దు. ఒకే పేరుతో అమ్మిన కారుకు తరం మారినప్పుడు వలయం మారవచ్చు. అదే మోడలుకు వేరే దేశంలో వేరే వలయం ఉండవచ్చు. అంతర్జాలంలో కనిపించే కొలత ఏ దేశపు బండిదో ఎవరికి తెలుసు? సెకండ్ హ్యాండు కారైతే పాత యజమాని హబ్బులే మార్చి ఉండవచ్చు. జాబితా దారి చూపడానికే. నిర్ణయం కొలత మీదనే జరగాలి.

మొదటి మెట్టు: మీ కారు హబ్బును కొలవడం

కావలసిన సామాను స్వల్పం. చిన్న దూరాలను కచ్చితంగా కొలిచే వెర్నియర్ కాలిపర్ ఒకటి, వైరు బ్రష్షు ఒకటి, కాగితం, పెన్సిలు. దర్జీ టేపుతో ఈ పని జరగదు. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. బండిని గట్టి నేల మీద నిలపండి. మన డెల్టాలో నల్లరేగడి నేల వాన పడితే జాకీని మింగేస్తుంది కాబట్టి, ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లమో, ఇంటి ముందున్న కాంక్రీటు అరుగో మేలు. గత్యంతరం లేకపోతే జాకీ కింద దళసరి చెక్క వేయండి. హ్యాండ్ బ్రేకు వేసి, మిగిలిన చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, చక్రం నేల మీద ఉండగానే నట్లను కొద్దిగా వదులు చేసి, ఆ తరువాతే జాకీ ఎత్తండి.

చక్రం ఊడదీశాక ముందుగా హబ్బు ముఖాన్ని బ్రష్షుతో శుభ్రం చేయాలి. నరసాపురం, అంతర్వేది, ఉప్పాడ వంటి తీరప్రాంతాల బండ్లలోనే కాదు, రొయ్యల చెరువుల మధ్య తిరిగే బండ్లలో కూడా ఉప్పునీటి తుప్పు పొరలు పొరలుగా పేరుకుని ఉంటుంది. ఆ పొర మీద తీసిన కొలత కొలత కాదు.

స్టడ్డులు నాలుగో ఆరో ఉంటే పని తేలిక. ఎదురెదురుగా ఉన్న రెండు స్టడ్డుల కేంద్రాల మధ్య దూరమే పీసీడీ. కేంద్రం ఎక్కడో కంటితో నిర్ణయించడం కష్టం కనుక ఒక చిన్న కిటుకు వాడాలి. ఒక స్టడ్డు ఎడమ అంచు నుంచి ఎదుటి స్టడ్డు ఎడమ అంచు వరకు కొలిస్తే, రెండు స్టడ్డుల లావు ఒకటే కనుక, ఆ దూరం కేంద్రం నుంచి కేంద్రానికి ఉన్న దూరంతో సమానమవుతుంది.

అయిదు స్టడ్డులున్నప్పుడు ఏ స్టడ్డుకూ సరిగ్గా ఎదురుగా మరొకటి ఉండదు. అప్పుడు పక్కపక్కనున్న రెండు స్టడ్డుల కేంద్రాల మధ్య దూరం కొలిచి, దానిని 1.7013తో గుణించాలి. ఆ దూరం 58.8 మిల్లీమీటర్లు వస్తే మీది 5×100. 63.5 అయితే 5×108. 65.8 అయితే 5×112. 67.2 అయితే 5×114.3. 82.1 అయితే 5×139.7. మూడు స్టడ్డుల బండికి పక్కపక్క దూరాన్ని 1.1547తో గుణిస్తే చాలు.

ఇప్పుడు ఆ అంకెలను మరోసారి చూడండి. 112కూ 114.3కూ మధ్య, పక్కపక్క స్టడ్డుల దగ్గర కనిపించే తేడా ఒక మిల్లీమీటరున్నర కూడా లేదు. పైగా కొలతలో మీరు చేసే ప్రతి పొరపాటూ గుణకారంలో 1.7 రెట్లవుతుంది. చేతిలో టేపు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ జరిగితే ఆక్టేవియా రిమ్ము క్రెటా రిమ్ములా కనిపిస్తుంది. అందుకే అయిదు జంటల మధ్య దూరాలనూ విడివిడిగా కొలిచి, కాగితం మీద రాసుకుని, సగటు తీయమని నా సలహా. ఒక జంట మిగతా వాటికంటే బాగా తేడాగా వస్తే అక్కడ స్టడ్డు వంగి ఉందని అర్థం, అదీ తెలుసుకోవలసిన సంగతే.

రెండో మెట్టు: కొనబోయే రిమ్మును చదవడం

రిమ్ము వెనక వైపు, ఆకుల (స్పోకుల) లోపలి భాగంలోనో హబ్బుకు ఆనే చదును మీదనో, పోతపోసిన అక్షరాలు ఉంటాయి. మంచి తయారీ రిమ్ము తన జాతకం తానే చెబుతుంది. 15×6జె అని ఉంటే వ్యాసం 15 అంగుళాలు, వెడల్పు 6 అంగుళాలు అని అర్థం. జె అన్నది టైరు అంచు ఆనుకునే గోడ ఆకారాన్ని తెలిపే గుర్తు. ఈటీ 45 అని ఉంటే అది ఆఫ్‌సెట్, దాని సంగతి అయిదో మెట్టులో చెబుతాను. 4×100 వంటిది ఉంటే అది పీసీడీ. వెనకంతా మట్టి, బ్రేకు పొడి పట్టి ఉంటే దుకాణదారుని అడిగి తడిగుడ్డతో తుడిపించి చదవండి. తుడవనివ్వని దుకాణంలో కొనడం అనవసరం.

అక్షరాలున్నా సరే కొలవాలి. రంధ్రాల ముందు వైపు నట్టు కూర్చోవడానికి గుంటలా చెక్కి ఉంటుంది కాబట్టి అక్కడ అంచు దొరకదు. రిమ్మును బోర్లా పడుకోబెట్టి వెనక వైపు నుంచి కొలవండి. హబ్బుకు చెప్పిన లెక్కలే దీనికీ.

ఎనిమిది రంధ్రాలున్న అలాయ్‌లు మార్కెట్టులో విరివిగా కనిపిస్తాయి. అవి ఎనిమిది స్టడ్డుల బండికి కాదు. నాలుగు రంధ్రాలు ఒక వలయానికి, మిగతా నాలుగు ఇంకో వలయానికి వేసినవి. 4×100, 4×108 రెండింటికీ పనికివచ్చే రిమ్ము అలాంటిదే. అయిదు స్టడ్డుల రకంలో పది రంధ్రాలుంటాయి. ఫ్యాక్టరీలోనే అలా వేసినవైతే దోషం లేదు, కాని బిగించేవాడు పొరపాటున పక్క వలయం రంధ్రాల్లో దూర్చే ప్రమాదం ఉంది కాబట్టి దగ్గరుండి చూసుకోవాలి. తరువాత లేత్ షాపులో తొలిచిన రంధ్రాలైతే మాత్రం ఆ రిమ్మును ముట్టుకోవద్దు. రంధ్రాల మధ్య మిగిలిన లోహమే చక్రాన్ని మోసేది. పాత రంధ్రాన్ని వెల్డింగుతో పూడ్చి పక్కన కొత్తది తొలిచే నైపుణ్యం మన లేత్ పనివారికి ఉంది, కాదనను. వరికోత యంత్రం విడిభాగాలకు ఆ నైపుణ్యం బంగారమే. కారు చక్రానికి మాత్రం వద్దు. వెల్డింగు వేడికి అల్యూమినియం మిశ్రమం తన గట్టిదనాన్ని కోల్పోతుంది.

మూడో మెట్టు: మధ్య రంధ్రం

రంధ్రాల వలయం కలిసింది కదా అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. హబ్బు మధ్యలో గుండ్రంగా పొడుచుకు వచ్చిన ముట్టె ఉంటుంది. రిమ్ము మధ్యనున్న రంధ్రం, అంటే సెంటర్ బోర్, దాని మీద సరిగ్గా కూర్చోవాలి. స్విఫ్టు, ఐ20లకు ఇది 54.1 మిల్లీమీటర్లు. హోండా సిటీకి 56.1. పోలోకు 57.1. ఇన్నోవా, బ్రెజాలకు 60.1. క్రెటాకు 67.1. ఫార్చ్యూనర్‌కు 106.1.

దీనర్థం ఏమిటంటే, సిటీ రిమ్మూ స్విఫ్టు రిమ్మూ రెండూ 4×100 అయినా ఒకదాని స్థానంలో మరొకటి ఊరికే పడవు. స్విఫ్టు రిమ్ము రంధ్రం చిన్నది కాబట్టి సిటీ హబ్బు మీదికి ఎక్కనే ఎక్కదు. సిటీ రిమ్ము స్విఫ్టు మీదికి ఎక్కుతుంది గాని చుట్టూ ఒక మిల్లీమీటరు ఖాళీ మిగులుతుంది. ఎక్కని మొదటి రకం క్షేమం. ఎక్కి ఖాళీ మిగిల్చే రెండో రకంతోనే జాగ్రత్త. ఆ ఖాళీలో చక్రం ఏ పక్కకైనా జారి బిగుసుకుంటే, బాలెన్సింగ్ యంత్రం మీద సరిగ్గా ఉన్న చక్రమే బండికి వేశాక వణుకుతుంది. బ్రెజాకూ క్రెటాకూ మధ్య కూడా ఇదే కథ, 5×114.3 ఒక్కటే కాని బోర్ వేరు.

దీనికి విరుగుడు హబ్ రింగు. బయటి వ్యాసం రిమ్ము బోరుతోను, లోపలి వ్యాసం మీ హబ్బుతోను సరిపోయే సన్నని కంకణం అది. విడిగా అమ్మే అలాయ్‌లను చాలా కార్లకు పనికివచ్చేలా పెద్ద బోరుతో పోస్తారు కనుక రింగు అవసరం తరచుగా పడుతుంది. రింగులు అల్యూమినియంలోనూ గట్టి ప్లాస్టిక్‌లోనూ దొరుకుతాయి. పేరుకు అల్యూమినియం గొప్పగా వినిపించినా, మన ఉప్పుగాలిలో ఇనుప హబ్బుకూ అల్యూమినియం రింగుకూ మధ్య తుప్పు పుట్టి రెండూ అతుక్కుపోతాయి. అప్పుడు సుత్తి తప్ప దిక్కుండదు. సముద్రానికి దగ్గరగా ఉండేవారికి నేను ప్లాస్టిక్ రింగులే సూచిస్తాను.

ఒక అపోహ కూడా తీర్చాలి. బండి బరువును స్టడ్డులు మేకుల్లా మోస్తున్నాయని అనుకుంటాం. నట్లను బిగించినప్పుడు స్టడ్డు స్ప్రింగులా సాగి, రిమ్మును హబ్బు ముఖానికి గట్టిగా అదిమిపెడుతుంది. ఆ రెండు చదునుల మధ్య పుట్టిన ఒరిపిడే చక్రాన్ని జారకుండా నిలుపుతుంది. మధ్య రంధ్రం పని చక్రాన్ని కేంద్రంలో ఉంచడం. ఈ సంగతి తెలిస్తే నా 4×98 రిమ్ములు ఎందుకు అపాయమో అర్థమవుతుంది. ప్రతి స్టడ్డూ రంధ్రానికి ఒక మిల్లీమీటరు పక్కగా ఉండడంతో నట్టు శంకువు ఒక అంచునే ఆని, స్టడ్డును వంచింది. స్పానరుకు బిగుతుగా తగిలిన బలమంతా వంపుకే ఖర్చయింది, అదిమిపెట్టడానికి మిగలలేదు. అలా నడిపితే నట్లు తమంత తామే వదులవుతాయి, లేకపోతే వంగిన స్టడ్డు ఒకనాడు పుటుక్కున తెగుతుంది. నేను రిమ్ములు తీసేసి, ఎనిమిది స్టడ్డులు కొత్తవి వేయించుకున్నాను. మిగిలిన ఎనిమిదీ అదృష్టవశాత్తు నిటారుగానే ఉన్నాయి.

నాలుగో మెట్టు: నట్టు, మర, కూర్చునే గుంట

స్టడ్డు మర రెండంకెలతో చెబుతారు. ఎం12×1.5 అంటే స్టడ్డు లావు 12 మిల్లీమీటర్లు, ఒక మరకూ తరువాతి మరకూ దూరం 1.5 మిల్లీమీటర్లు. టయోటా, హోండా, హ్యుందాయ్ కార్లకు ఇదే. మారుతి సుజుకి కార్లకు ఎం12×1.25. రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి, డబ్బాలో కలిసిపోతాయి. హ్యుందాయ్ నట్టును మారుతి స్టడ్డుకు ఎక్కిస్తే రెండు చుట్లు హాయిగా తిరిగి, ఆపైన బిగుస్తుంది. అక్కడ గాలి తుపాకీ (గాలి ఒత్తిడితో నట్లు బిగించే యంత్రం) పెట్టారంటే మరలు చిదిమిపోతాయి. కనుక ప్రతి నట్టునూ ముందు వేళ్లతో ఎక్కించాలి. వేళ్లతో చివరిదాకా తిరగని నట్టు ఆ స్టడ్డుది కాదు.

పోలో వంటి కార్లకు స్టడ్డులే ఉండవు. హబ్బులో మర రంధ్రాలుంటాయి, ఎం14×1.5 బోల్టులు బయట నుంచి దూరి బిగుస్తాయి. అలాయ్ మందం ఇనుప డిస్కు (మామూలు ఇనుప రిమ్ము) కంటే ఎక్కువ కనుక బోల్టు పొడవు కూడా సరిచూడాలి.

నట్టు స్టడ్డు మీద ఎంత పొడవున పట్టాలన్నదానికి ఒక మోటు లెక్క ఉంది. స్టడ్డు ఎంత లావో కనీసం అంత పొడవున మర పట్టాలి. 12 మిల్లీమీటర్ల స్టడ్డుకు 1.5 మరైతే ఎనిమిది చుట్లు, 1.25 మరైతే పది చుట్లు. చక్రం గాలిలో ఉండగా చుట్లు లెక్కపెట్టండి, అరనిమిషం పని.

ఇక నట్టు కూర్చునే గుంట. బయట అమ్మే అలాయ్‌లలో చాలా భాగం 60 డిగ్రీల శంకువు ఆకారపు నట్లకు చేసినవి. హోండా కంపెనీ రిమ్ములకు, పోలో రిమ్ములకు గుంట గిన్నెలా గుండ్రంగా ఉంటుంది. టయోటా కంపెనీ అలాయ్‌లలో కొన్నిటికి వాషరుతో చదునుగా కూర్చునే నట్లు వస్తాయి. గిన్నె గుంటలో శంకువు నట్టు వేస్తే అది సన్నని గీత వెంబడి మాత్రమే ఆనుతుంది. బిగుతుగానే తోస్తుంది, వంద కిలోమీటర్లు పోయాక వదులవుతుంది. హోండా సిటీ యజమాని కంపెనీ నట్లనే బయటి అలాయ్‌కు వాడుకోవడం నేను తరచుగా చూసే పొరపాటు. కొత్త రిమ్ములతో పాటు వాటికి తగిన నట్లు కొనండి.

అయిదో మెట్టు: ఆఫ్‌సెట్

రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్యలో ఒక గీత ఊహించుకోండి. హబ్బుకు ఆనే చదును ఆ గీతకు బయటి వైపు ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉంటే అంత ఆఫ్‌సెట్. ఈటీ అంకె పెరిగేకొద్దీ చక్రం బండి లోపలికి జరుగుతుంది, తగ్గేకొద్దీ బయటికి వస్తుంది.

వెడల్పూ ఈటీ రెండూ మారినప్పుడు లెక్క వేయక తప్పదు. మీ పాత రిమ్ము 6 అంగుళాల వెడల్పు, ఈటీ 45 అనుకుందాం. కొత్తది 7 అంగుళాలు, ఈటీ 35. వెడల్పు ఒక అంగుళం, అంటే 25.4 మిల్లీమీటర్లు పెరిగింది. దానిలో సగం 12.7 అటూ 12.7 ఇటూ వెళ్తుంది. ఈటీ 10 తగ్గింది కనుక చక్రమంతా 10 మిల్లీమీటర్లు బయటికి జరిగింది. మొత్తం మీద బయటి అంచు 22.7 మిల్లీమీటర్లు బయటికి, లోపలి అంచు 2.7 మిల్లీమీటర్లు లోపలికి. ఆ 22.7 మిల్లీమీటర్లు మడ్‌గార్డు అంచు దాటి వస్తాయా అన్నది చూసుకోవాలి. దాటితే దమ్ము రోజుల్లో రోడ్డు మీద పడిన చేల బురదంతా తలుపులకు చిమ్ముతుంది. బేరింగుల మీద భారమూ పెరుగుతుంది.

ఖాళీ బండిలో రాసుకోని టైరు నిండు బండిలో రాసుకోవచ్చు. అంతర్వేది తీర్థానికి అయిదుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలు, వెనక సామానుతో వెళ్లే బండి వెనక భాగం ఎంత కుంగుతుందో మనకు తెలియనిది కాదు. కనుక వెనక సీటులో ముగ్గురిని కూర్చోబెట్టి, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు వేసి, మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య ఎన్ని వేళ్లు దూరుతున్నాయో చూడండి. ముందు చక్రాల దగ్గర స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి. అలాగే టైరు ఎక్కించకముందే ఖాళీ రిమ్మును హబ్బుకు పెట్టి చేత్తో తిప్పండి. కొలతలన్నీ కలిసినా రిమ్ము ఆకుల లోపలి వంపు బ్రేకు కాలిపరుకు (బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే భాగానికి) తగలడం జరుగుతుంది. టైరు ఎక్కించాక రిమ్మును దుకాణం వాడు వెనక్కి తీసుకోడు.

ఆరో మెట్టు: టైరు, బరువు, మన రోడ్లు

రిమ్ము వ్యాసం పెంచితే టైరు గోడ ఎత్తు తగ్గించి మొత్తం చక్రం ఎత్తు అంతే ఉండేలా చూడాలి. లేకపోతే స్పీడోమీటరు అబద్ధం చెబుతుంది. 185/65 ఆర్15 టైరుతో చక్రం మొత్తం ఎత్తు 621.5 మిల్లీమీటర్లు. 195/55 ఆర్16 వేస్తే 620.9, అంటే తేడా లేనట్టే. 205/45 ఆర్17 వేస్తే 616.3, అదీ ఫరవాలేదనిపిస్తుంది. అయితే గోడ ఎత్తు చూడండి. మొదటి దానికి 120 మిల్లీమీటర్లు, చివరి దానికి 92. రోడ్డు గుంటకూ రిమ్ముకూ అడ్డు ఆ గోడ ఒక్కటే.

మన కాలువ గట్టు రోడ్ల సంగతి వేరే చెప్పాలా? ఒకవైపు పంట కాలువ, మరోవైపు పల్లపు చేను, మధ్యలో ఇనప చక్రాల ట్రాక్టర్లు చీల్చిన తారు. చేపల లారీల నుంచి కారే నీటికి నానిన అంచులు. ఎదురుగా కొబ్బరి లారీ వస్తే ఒక చక్రాన్ని తారు దించక తప్పదు, ఎక్కేటప్పుడు ఆ అంచు గొడ్డలిలా తగులుతుంది. ఇనుప డిస్కు అలాంటి దెబ్బకు సొట్టపోతుంది, పంక్చరు షాపులో సరిచేస్తారు. అలాయ్ అయితే పగుళ్లిస్తుంది, పగిలిన అలాయ్‌ను వెల్డింగు చేయించడం గురించి నా అభిప్రాయం ముందే చెప్పాను. జాతీయ రహదారి మీదే ఎక్కువగా తిరిగేవారి లెక్క వేరు గాని, డెల్టా లోపలి ఊళ్లలో ఉండేవారు కంపెనీ ఇచ్చిన వ్యాసం కంటే ఒక్క అంగుళం మించి వెళ్లవద్దని గట్టిగా చెబుతాను.

రిమ్ము మీద అది మోయగల బరువు కిలోల్లో పోసి ఉంటుంది. నిండు బండిలో ఎక్కువ భారం పడే ఇరుసు బరువులో సగం కంటే అది ఎక్కువ ఉండాలి. ఆ ఇరుసు మీద 800 కిలోలు పడితే ఒక్కో రిమ్ము 400 కిలోలకు మించి మోయగలగాలి. చిన్న కారుకు చేసిన 4×114.3 రిమ్ము పెద్ద కారుకు వలయం కలిసినా బరువుకు కలవకపోవచ్చు. జపాను ప్రమాణాన్ని తెలిపే జెడబ్ల్యుఎల్ ముద్ర, మన ఐఎస్ 9436 ప్రమాణంతో ఐఎస్ఐ ముద్ర ఉన్నాయేమో చూడండి. ఏ ముద్రా లేని, బరువు రాయని రిమ్ము ఎంత చవకైనా ఖరీదే.

బిల్లు తప్పనిసరిగా తీసుకోండి. రిమ్ములు మార్చినట్టు బీమా కంపెనీకి రాసి తెలియజేయకపోతే, రేపు క్లెయిము దగ్గర మాట పడవలసి వస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు కాబట్టి, అదే మోడలులో కంపెనీ ఇచ్చిన పై వేరియంటు రిమ్ము, టైరు కొలతల్లో ఉండడం అన్నివిధాలా నిశ్చింత.

వలయం కలవని రిమ్ములను ఎక్కించడానికి అడాప్టర్లు కూడా అమ్ముతారు. హబ్బుకు ఒక వలయంలో, రిమ్ముకు మరో వలయంలో బిగిసే దళసరి పళ్లెం అది. అది చక్రాన్ని తన మందమంత బయటికి నెడుతుంది, బిగించవలసిన నట్ల సంఖ్యను రెట్టింపు చేస్తుంది, లోపలి వరస నట్లు వదులైనా మీకు కనిపించవు. ఇంటి బండికి అంత అవసరం నాకెప్పుడూ కనిపించలేదు.

ఏడో మెట్టు: బిగించడం

హబ్బు ముఖాన్ని, రిమ్ము వెనక చదునును మళ్లీ ఒకసారి బ్రష్షుతో తుడవండి. తీరప్రాంతంలో అలాయ్ హబ్బుకు అతుక్కుపోకుండా మధ్య ముట్టె చుట్టూ రాగి గ్రీజు పలుచగా పూయవచ్చు. స్టడ్డు మరలకు మాత్రం నూనె, గ్రీజు ఏదీ తగలనివ్వవద్దు. జారుడు వల్ల అదే స్పానరు బలానికి స్టడ్డు అవసరానికి మించి సాగుతుంది.

రింగు వేసి, రిమ్ము పెట్టి, నట్లన్నీ వేళ్లతో ఎక్కించండి. తరువాత స్పానరుతో ఒకదాని తరువాత పక్కది కాకుండా ఎదురెదురుగా బిగించాలి. అయిదు నట్లకైతే అయిదు కొనల నక్షత్రం బొమ్మ గీసే వరసలో వెళ్లాలి. ఇలా సగం బిగింపు అయ్యాక జాకీ దించి, చివరి బిగింపు టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే స్పానరుతో) చేయించండి. హోండా సిటీకి 108 న్యూటన్ మీటర్లు, ఇన్నోవాకు 103, పోలోకు 120. మీ బండి అంకె యజమాని పుస్తకంలో ఉంటుంది. గాలి తుపాకీతో "టర్ర్"మనిపించి పంపేసే షాపులో, చివరి బిగింపు చేత్తో చేయమని అడగడానికి మొహమాటపడకండి. తక్కువ బిగింపుకు నట్టు ఊడుతుంది, ఎక్కువ బిగింపుకు స్టడ్డు ఆయుష్షు తీరుతుంది, పైగా దారిలో పంక్చరైతే మీ చేతి స్పానరుకు ఆ నట్టు లొంగదు.

బాలెన్సింగ్, అలైన్‌మెంట్ అదే రోజు చేయించండి. యాభై నుంచి వంద కిలోమీటర్లు నడిపాక నట్లన్నీ మళ్లీ అదే టార్కుకు సరిచూడాలి, కొత్త రంగు పొర నట్టు కింద నలిగి బిగింపు కొద్దిగా సడలడం మామూలే. ఆ ప్రయాణంలో స్టీరింగు వణికితే ముందుగా రింగు కూర్చుందో లేదో, తరువాత బాలెన్సింగు, ఆ తరువాత పీసీడీ చూడాలి. నట్లు మళ్లీ మళ్లీ వదులవుతుంటే మాత్రం ఆ వరస తిరగేసి, ముందు పీసీడీనే కొలవండి.

డిక్కీలో ఉన్న స్టెప్నీ ఇంకా పాత ఇనుప డిస్కే కదా. అలాయ్‌కు కొన్న కొత్త నట్లు దానికి కూర్చోకపోవచ్చు. పాత నట్లు ఒక చక్రానికి సరిపడా, నాలుగో అయిదో, గుడ్డ సంచిలో కట్టి స్టెప్నీ గుంటలోనే పెట్టి ఉంచండి. రాత్రివేళ చించినాడ వంతెన దాటి పంక్చరైన రోజున ఆ సంచి లేక నేను రెండు గంటలు రోడ్డు పక్కన నిలబడ్డాను.